వదిన కలలో ఎవరు?

ఎల్బీనగర్,
సెప్టెంబర్ 8

నువ్వు నా మాటను మధ్యలో కోశావు. కోసి, మిగిలిన ముక్కను ఊరికంతా పంచావు. ఆ ముక్క పట్టుకుని మా అన్న వదినను అడగకూడనిది అడిగాడు. వదిన నిన్న పొద్దున రెండు చీరలు సంచిలో పెట్టుకుని తల్లిగారింటికి పోయింది. అరుణ్ బావా, మా మేనమామ కొడుకువై ఉండి నువ్వు చేసిన పని ఇది. బాగున్నావా అని అడగను. పద్దెనిమిది లక్షల మంది చూశారట కదా, బాగానే ఉండి ఉంటావు.

మూడు మెట్రో స్టేషన్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నా ఫోన్ బంద్ చేసి బీరువాలో పెట్టాను. ఫోన్‌లో మాట్లాడితే నా గొంతు నీకు దొరుకుతుంది. గొంతు దొరికితే కోస్తావు, అది నీ కొలువు. కాగితాన్ని కోస్తే కోసిన చోటు కనపడుతుంది. అందుకే కాగితం. నువ్వు కూడా కాగితం మీదే జవాబియ్యి.

నీకు గుర్తు లేకపోతే వరసగా రాస్తాను. ఆగస్టు 29, శుక్రవారం. ‘రెప్పల వెనక ఊరు’ మొదటి ఆట. నేను పనిచేసే చీరల షాపులో సెలవడిగి వదినను బలవంతంగా తీసుకొచ్చాను. నేను షాపు నుంచి తెచ్చే చీరలకు ఇంట్లో ఫాల్స్ కుట్టడంతోనే సరిపోయి, ఆమె హాల్లో సినిమా చూసి రెండేండ్లయింది. సినిమా నీకు తెలిసిందే. హీరో లిఫ్టులు బాగుచేసేవాడు. నిద్రపోతే, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఊళ్లో లేస్తాడు. అక్కడ గొడుగులమ్మే పిల్లతో ప్రేమ. మెలకువ వస్తే పక్కన పెండ్లాం. చివరికి మంచం కింద తడిసిన గొడుగు దొరుకుతుంది. ఏది కలో ఏది ఇల్లో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. మా వెనక వరసలో ఒకాయన లేచి, “లైట్లెయ్యిండ్రి సార్, నేను లేచిన్నో పండుకున్ననో సూస్కోవాలె” అని అరిచాడు. హాలంతా నవ్వింది. వదిన నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

బయట గేటు దగ్గర నువ్వు మైకుతో ఉన్నావు. నీ ముందు ఒకడు, “ఫస్టాఫ్‌ల నిద్రొచ్చింది, సెకండాఫ్‌ల కలొచ్చింది, క్లైమాక్స్‌ల లేపి పంపిండ్రు, ఏసీకి పైసలిచ్చినమనుకుంట” అంటున్నాడు. ఇంకొక పిల్ల ఏడుస్తూ, “నా బతుకు సినిమా అన్నా ఇది” అంటోంది. వదిన మొహం కడుక్కోవడానికి నల్లా దగ్గర ఆగింది. నన్ను చూసి నువ్వే పిలిచావు. “సంధ్యా, రా రా, నీకు అర్థమైందా సినిమా?” అన్నావు.

నేను అన్నది ఇది. “నాకెందుకు అర్థం కాదు, మా ఇంట్ల రోజు గిదే సినిమా. మా వదినకు కలల ఒకాయన వస్తడు. కింద బండి స్టార్టు చేసి పెట్టి, దిగు, పోదాం అంటడు. ఈమె మెట్లు దిగేసరికి తెల్లారుతది. ఇగ పొద్దుగాల లేవాలంటే ఆమెకు పాణం ఒప్పదు.” ఆ తరవాత అన్నది ఇది. “ఆయన ఇంకెవరో కాదు, మా అన్ననే. పెండ్లైన కొత్తల ఉన్న మా అన్న.” చెప్పేసి స్కూటీ తీయడానికి పార్కింగ్‌కు పోయాను.

ఆ చివరి మాట ఏది? మీ ‘గేటు బయట’ ఛానెల్‌లో లేదు. “తెల్లారుతది, పాణం ఒప్పదు” దగ్గర కోసి, పైన ఎర్ర అక్షరాలతో ‘వదిన కలలో ఎవరు?’ అని పెట్టారు. ఇంత పెద్ద ప్రశ్న గుర్తు.

బుధవారం అన్న దాన్ని ఎక్కడ విన్నాడో తెలుసా? తన బస్సులో. సాగర్ రోడ్డు మీద కాలేజీ పిల్లలను దింపుతూ వస్తుంటే, తుర్కయంజాల్ దాటాక వెనక సీట్లలో ఎవడో ఫోన్‌లో పెట్టాడు. అందరూ పడిపడి నవ్వుతున్నారు. డ్రైవర్ పెండ్లాం గురించని వాళ్లకు తెలియదు. అన్నకు చెల్లెలి గొంతు తెలుసు కదా. ఎల్బీనగర్ వచ్చేదాకా అద్దంలో వెనక్కి చూడకుండా నడిపాడట.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, “ఎవడు వాడు?” అన్నాడు. నేను అడ్డం పడ్డాను. “అన్నా, నువ్వేనే. నిన్నే అన్న” అన్నాను. “మరి వీడియోల ఎందుకు లేదు? ఇప్పుడు అల్లుతున్నవా?” అన్నాడు. వదినను చూశాడు. వదిన ఒక్కటే అంది. “గిట్ల నిలబెట్టి అడిగినంక చెప్పేది కాదది.” తరవాత మూడు దినాలు కూర్చుని ఆమె కుట్టాల్సిన చీరలన్నీ కుట్టి, మడతపెట్టి, నాకు అప్పజెప్పి పోయింది.

నాకు ఆ కోసిన ముక్క కావాలి. అన్నకు చూపించాలి. ఉన్నది ఉన్నట్టు పంపు.

సంధ్యారాణి

*

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 13

ప్రియమైన సంధ్యకు,

నీ ఉత్తరం హాస్టల్ వార్డెన్ ఇచ్చాడు. “ఏందన్నా, కోర్టు నోటీసా?” అన్నాడు. చదివాక అదే అనిపించింది.

కృష్ణకుమారక్క వెళ్లిపోయిందని తెలిసి చాలా బాధపడ్డాను. నిజంగా. అక్క చేతి అన్నం నేను ఎన్నిసార్లు తిన్నానో నీకు తెలుసు. కానీ జరిగినదాంట్లో నా భాగం ఎంతో చెప్పనివ్వు. నేను మైకు పట్టుకుంటాను, వచ్చినవాటిని కూర్చి జోగారావు గారికి చూపిస్తాను. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది ఆయన ఇష్టం. ఆయన ఛానెల్ అది. ఆ రోజు నీ ముక్క చూసి కుర్చీలోంచి లేచారు. “ఏవయ్యా, బంగారం పట్టుకొచ్చి రాయి అంటావేంటి? ఇక్కడ ఆపెయ్. దీని తరవాత ఇంకొక్క మాట వినపడకూడదు” అన్నారు. ఆయన ఆపమన్న చోట ఆపాను.

అసలు రికార్డింగ్ సంగతి. కెమెరా కార్డులు మావి రెండే. ప్రతి సోమవారం చెరిపి మళ్లీ వాడతాం. నువ్వు ఉత్తరం రాసేటప్పటికే ఆ కార్డు మీద వేరే సినిమా జనం మాట్లాడుతున్నారు. లేనిదాన్ని ఎక్కడినుంచి తేను?

ఇంకొకటి చెప్పనా, కోపం తెచ్చుకోకు. అందరూ నవ్వలేదు. కింద రాసిన కామెంట్లు నువ్వు చూడలేదు. ఒకామె, “నాకూ వస్తాడు, మాట్లాడడు, వంటింట్లో కూర్చుని నేను చేసే పని చూస్తాడు” అని రాసింది. ఇంకొకాయన, “మా ఇంటామెకు ఎవరొస్తారో ఈ రోజు అడుగుతాను, ధైర్యం చాలితే” అన్నాడు. సినిమా అర్థం కాలేదని తిట్టినవాళ్లు కూడా నీ మాట విన్నాక మళ్లీ చూస్తామన్నారు. నీ నోటి నుంచి వచ్చింది ఎంతమందికి తగిలిందో ఆలోచించు.

కొన్ని రోజులు పోతే జనం మరిచిపోతారు. వచ్చే శుక్రవారం ఇంకో సినిమా, ఇంకో మాట. బావ మంచివాడు, తగ్గుతాడు. అత్తమ్మను అడిగానని చెప్పు.

అరుణ్

*

ఎల్బీనగర్,
సెప్టెంబర్ 17

అరుణ్‌కుమార్ గారికి,

గారు ఎందుకంటే, నీ ఉత్తరం ఆఫీసు నుంచి వచ్చినట్టుంది. ఎవరిదీ తప్పు కాదు, అందరికీ విచారమే.

జోగారావు ఆపమంటే ఆపావు. సరే. ఆయనకు మా వదిన ఎవరో తెలియదు. నీకు తెలుసు. ఆ ముక్క మీద నీ చెయ్యి ఉన్నప్పుడు ఆమె అన్నం పెట్టిన సంగతి గుర్తుందా, లేక నాకు రాసేటప్పుడే గుర్తొచ్చిందా? నేను పదో తరగతితో బడి ఆపినదాన్ని. తరవాత చదివిందంతా షాపులో చీరలు చుట్టొచ్చిన పేపర్లు, సాయంత్రం లైబ్రరీ. నాకే అర్థమవుతున్న సంగతి డిగ్రీ చేసిన నీకు అర్థం కాలేదా? ఎవరికో తగిలిందని రాశావు. నా ఇంటికి తగిలింది చాలదా?

జనం మరిచిపోతారన్నావు. నిన్న షాపులో ఒకామెకు చీర భుజం మీద వేసి అద్దంలో చూపిస్తున్నాను. అద్దంలో నన్ను చూసి, “నువ్వు వదిన పిల్లవు గదా! చెప్పు చెప్పు, ఎవరొస్తరే ఆమెకు?” అంది. పక్క కౌంటర్ వాళ్లు కూడా చీరలు వదిలి తిరిగారు. “మీకు ఎరుపు బాగుంటదమ్మా” అన్నాను. కొనకుండా పోయింది.

ఇంట్లో ఎట్లుందో విను. అమ్మ వాడకట్టంతా, “కోడలు బతుకమ్మకు తల్లిగారింటికి పోయింది” అని చెప్పుకుంటోంది. పండుగ మొదలుకాకముందే పోయింది కాబట్టి, “వాళ్ల నాయనకు జర పాణం బాగలేదు, ముందుగాలనే పోయింది” అని ఇంకొకటి అతికించింది. దసరా దాకా ఈ అబద్ధం నిలబడుతుంది. ఆ తరవాత నిలబడదు. బతుకమ్మకు పోయిన కోడండ్లందరూ తిరిగొస్తారు, ఈమె రాదు. అప్పుడు ప్రతి గడప మీదా నిలబడి అడుగుతారు. అట్లా బయటపడ్డాక వదిన కాలు పెట్టదు, అన్న పిలవడు. ఇద్దరి సంగతీ నాకు తెలుసు. నా దగ్గర ఉన్నది దసరా దాకానే.

అన్న ఇంటికొస్తాడు, అమ్మ పెట్టింది తింటాడు, లేస్తాడు. ఇంతకుముందు కనీసం ఫోన్ చూస్తూ తినేవాడు. ఇప్పుడు ఫోన్ బోర్లా పెడుతున్నాడు. నేను ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిస్తాడు, బస్టాండులో తెలియని మనిషికి ఇచ్చినట్టు.

ఒక సంగతి అడుగుతాను, దీనికి జోగారావును అడ్డం పెట్టుకోకు. ఆ బుధవారం గొడవయ్యాక అన్న ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోయాడు. ఐదు నిమిషాలకు దిగాడు. పోయేటప్పుడు కోపంగా ఉన్నాడు. దిగేటప్పుడు కోపం లేదు. ఆ మొహం చూసి నాకు భయమేసింది. మొన్న అమ్మ మందుల షాపు నెంబరు వెతకమంటే అన్న ఫోన్ చేతికొచ్చింది. కాల్స్‌లో ఆ రోజు ఆ టైముకు ఉన్న పేరు నీది.

ఏం అడిగాడు? నువ్వేం చెప్పావు?

సంధ్యారాణి

*

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబర్ 26

సంధ్యా,

తొమ్మిది దినాలు ఆలస్యమైంది. నాలుగుసార్లు రాసి చించాను. నువ్వన్నది నిజమే, కాగితం మీద కోస్తే కనపడుతుంది. ఇది ఐదోది. కొట్టివేతలు ఉన్నచోట ఉండనిస్తున్నాను.

బావ అడిగింది ఒకటే. “అరుణ్, నువ్వు అక్కడ్నే ఉన్నవు గద. సంధ్య ఇంకేమన్న అన్నదా? ఆ వచ్చేటాయన ఎవరో చెప్పిందా? ఉన్నదున్నట్టు చెప్పు, నేనేమనుకోను.” ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. బతిమాలుతున్నట్టుంది.

నేను, “అంతే బావా, ఇంకేం లేదు” అన్నాను.

ఏం ఉందో, ఏం లేదో నాకు అప్పటికే గుర్తు లేదు, చూసుకోనూ లేదు. వెతికి చెప్తాను అనొచ్చు. అనలేదు. నా ఎదురుగా స్క్రీన్ మీద అంకెలు తిరుగుతున్నాయి. అప్పటికి మూడు లక్షలు. జోగారావు గారు ఆఫీసులో అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించి, “మనవాడేనండీ తెచ్చింది” అని నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. వెతికాక ఇంకేదో ఉందని తేలితే ఆ వీడియో తీసెయ్యాలి. అది తట్టుకోలేకపోయాను. నా జీవితంలో నా చేతిమీదుగా పోయినదాన్ని అంతమంది చూడటం అదే మొదలు. ఇది సాకు కాదు. సాకులు మొదటి ఉత్తరంలోనే అయిపోయాయి.

ఇంకొక అబద్ధం కూడా ఉంది. కార్డు చెరిపిన మాట నిజం. చెరిపేముందు అంతా ఆఫీసు డిస్కులో ఎక్కిస్తాం. అది నీకు రాయలేదు. నీ రెండో ఉత్తరం వచ్చాక, జోగారావు గారు విజయవాడ పోయిన రోజు మధ్యాహ్నం, తలుపు వేసుకుని విన్నాను.

ఇప్పుడు రాసేది నువ్వు కూర్చుని చదువు.

నువ్వు ఆ మాట అనలేదు.

ఆరుసార్లు విన్నాను. నువ్వు, “పొద్దుగాల లేవాలంటే ఆమెకు పాణం ఒప్పదు” అంటావు. చుట్టూ ఉన్నవాళ్లు విజిలేస్తారు, నవ్వుతారు. నేను, “ఎవరే ఆయన?” అంటాను. నువ్వు జనం వైపు తిరిగి, చెయ్యి ఊపి, “అది సెకండాఫ్‌ల చెప్త!” అంటావు. ఇంకా పెద్ద నవ్వు. నువ్వు నవ్వుతూ ఫ్రేములోంచి పోతావు. అంతే. “మా అన్ననే” అన్నది ఎక్కడా లేదు. నేను కోసింది “అది సెకండాఫ్‌ల చెప్త” అన్న మాట ఒక్కటే.

నువ్వు అబద్ధమాడావని నేను అనడం లేదు. నువ్వు రాసింది చదివాక నాకూ ఆ మాట విన్నట్టే అనిపించింది. నేనే కోశానని నమ్మి ఇన్ని రోజులు తలవంచుకున్నాను.

కానీ సంధ్యా, ఆ తరవాత ఇంకొకటి ఉంది. నువ్వు స్కూటీ కోసం పోయాక అక్క వచ్చింది. మొహం తడిగానే ఉంది. నేను ఊరికే మైకు పెట్టి, “అక్కా, నీకెట్లనిపించింది?” అన్నాను. పదకొండు సెకన్లు మాట్లాడింది. విన్నది విన్నట్టు రాస్తాను. “అందరు గొడుగులామె గొడుగులామె అంటున్నరు. నాకైతే ఇంట్లున్నామెనే పాపమనిపించింది. ఆయన జర కండ్లు తెరిస్తే ఎదురుంగనే ఉన్నది గద. మా ఆయన గూడ గంతే, మంచోడే, నిద్రల ఉన్నడు. ఎన్నడో ఒకనాడు లేస్తడు.” అని నవ్వి, “ఇది మాత్రం వెయ్యకుండ్రి తమ్మీ” అంది.

వెయ్యలేదు. ఆమె అడిగిందని కాదు. వెనక బస్సు హారన్ పడి సౌండ్ బాగలేదని.

ఆ పదకొండు సెకన్లు నీ ఫోన్‌కు పంపుతాను, ఫోన్ తెరువు. నువ్వు బావకు చూపించు. డిస్కులోంచి తీశానని జోగారావు గారికి తెలిస్తే నన్ను తీసేస్తారు. అది సరే అనుకున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. ఆ రోజు నేను ఫోన్‌లో అన్నమాట గురించి బావ దగ్గర ఎత్తకు. డిస్కు ఇప్పుడే దొరికిందని చెప్పు. ఆయన ముందు నిలబడలేను.

అరుణ్

*

ఎల్బీనగర్,
అక్టోబర్ 6

బావా,

మొదట నీ ఉత్తరం మీద ఉమ్మేయాలనిపించింది. తరవాత స్టూలు మీద కూర్చుని, షాపు మధ్యాహ్నం అన్నం టైము అయిపోయేదాకా ఆ ఒక్క వాక్యమే చూశాను. నువ్వు ఆ మాట అనలేదు.

అనలేదు.

ఎట్లా జరిగిందో ఇప్పుడు తెలుస్తోంది. ఇంటికొస్తుంటే వదిన వెనక కూర్చుని ఉంది. కర్మన్‌ఘాట్ మలుపు దాకా నా లోపల నేను ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. ఇట్లా అని ఉంటే బాగుండేది, ఆయన మా అన్ననే అంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు అని. తరవాత వీడియో వచ్చింది, గొడవైంది. అన్నకు చెప్పాను, అమ్మకు చెప్పాను, షాపులో చెప్పాను, నీకు రాశాను. చెప్పినకొద్దీ ఆ మాట నా నోట్లోంచి వచ్చిన సౌండ్ కూడా వినపడింది నాకు. సినిమాలో వాడికి మంచం కింద గొడుగు దొరికితే నవ్వాను. వాడికి కనీసం తడిసిన గొడుగన్నా ఉంది.

నేను ఎందుకు అనలేదో కూడా తెలుసు. విజిల్ వేశారు కదా. నా బతుకులో నా మాటకు అంతమంది నవ్వలేదు. రోజూ కౌంటర్ వెనక నిలబడి, “చూపిస్తానమ్మా, ఇంకోటి తీస్తానమ్మా” అనే నోరు ఇది. ఆ నవ్వు ఇంకోసారి కావాలనిపించింది. అందుకే దాచాను. అసలు చెప్పాల్సినదాన్ని దాచి, చెప్పకూడనిదాన్ని చెప్పాను.

నీకు రాయనిది నా దగ్గర కూడా ఒకటుంది. వదిన ఆ కల సంగతి చెప్పింది ఒక మధ్యాహ్నం, ఫాల్స్ కుడుతూ. సూదిలో దారం ఎక్కించుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పింది. “ఎవ్వరికి అనకు సంధ్యా. మీ అన్నకైతే అసలే అనకు. చిన్నబుచ్చుకుంటడు” అంది. నేను తలూపాను. తలూపిన నెల రోజులకు నీ మైకు ముందు నిలబడ్డాను. నువ్వు కోసింది తరవాత. ముందు నేను కోశాను.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు వదిన దగ్గరికి పోయాను. అందరూ ఆడుతున్నారు. ఆమె కూడా ఆడుతోంది, చప్పట్లు మాత్రం అందరికంటే మెల్లగా. పక్కకు పిలిచి అంతా చెప్పాను. నేను అనలేదని, నువ్వు అన్నతో అబద్ధమాడావని, ఆమె పదకొండు సెకన్లు ఉన్నాయని. కొట్టినా బాగుండేది. “నేను ఒక్కదానికి చెప్పిన. నువ్వు లోకానికి చెప్పినవ్” అంది. అంతే. కొంచెంసేపటికి మళ్లీ, “తిన్నవా?” అంది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఈసారి అడిగాను. “నువ్వన్నది అన్నకు చూపియ్యనా వదినా?” అని. చాలాసేపు పూల గంప సర్దింది. “ఆయనకొక్కనికే. ఇంకెవ్వరు చూడొద్దు. నువ్వు పక్కన నిలబడి దానికి అర్థం చెప్పకు. ఆయన విననీ. విన్నంక రావాలనిపిస్తే ఆయనే వస్తడు. రాకుంటే, నేను లేచిన్ననుకుంట” అంది.

దసరా పొద్దున అన్న బస్సు కడిగి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. అప్పుడే చెప్పాను. “అన్నా, నేను ఆ మాట అక్కడ అనలేదు. అన్నాననుకున్న. అనలేదు. కానీ వదినకు వచ్చేది నువ్వే, అది మాత్రం నిజం” అన్నాను. నిమ్మకాయ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. “మొన్న ఆ మాట అన్ననంటివి. ఇయ్యాల అనలేదంటివి. ఇందుల ఏది నమ్మాలె నేను? అరుణ్ ఒక్కడు ఒకటే మాట మీద ఉన్నడు” అన్నాడు.

విన్నావా? మా ఇంట్లో నీ అబద్ధం ఒక్కటే నిలకడగా ఉంది. నేను నిజం చెప్పినకొద్దీ అది గట్టిపడుతోంది. అందుకే నువ్వడిగింది కుదరదు. ఆ పదకొండు సెకన్లు నా ఫోన్‌కు పంపొద్దు. నేను చూపిస్తే, ఇద్దరు ఆడవాళ్లూ కలిసి తయారుచేశారంటాడు. డిస్కు ఇప్పుడే దొరికిందని నేను చెప్పను. ఇంకొక్క అతుకు కూడా వెయ్యను. అమ్మ వేసినవే ఊడిపోతున్నాయి. నిన్న ఎదురింటామె, “బతుకమ్మ నీళ్లల్ల వడ్డది గద, కోడలింక రాలేదేందమ్మా?” అని అడిగింది. అమ్మ ఆదివారం వస్తుందని చెప్పింది. నోటికొచ్చింది చెప్పింది. ఇప్పుడు మాకు ఆదివారం దాకానే ఉంది.

ఆయన ముందు నిలబడలేనన్నావు. నేను నెల రోజులుగా రోజూ నిలబడుతున్నాను. చచ్చిపోరు. చచ్చిపోతే బాగుండనిపిస్తుంది, అంతే.

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు అన్న ఇంటికొస్తాడు. ఆ పదకొండు సెకన్లు నువ్వే పట్టుకుని రావాలి. ముందు నీ నోటితో, “బావా, ఆ రోజు నువ్వు అడిగితే నేను చూడకుండానే లేదన్నాను” అని చెప్పాలి. నేను చేసినది నేను మళ్లీ నీ ముందే చెప్తాను. తరవాత నువ్వూ నేనూ అమ్మా బయటికి పోయి తలుపు దగ్గరికి వేస్తాం. అన్న ఒక్కడే వింటాడు. ఎన్నిసార్లు విన్నా పిలవం. దానికంటే ముందు, గురువారం కల్లా ఆ ‘వదిన కలలో ఎవరు?’ తీసెయ్యాలి. జోగారావు తియ్యనంటే, తియ్యనని రాసివ్వమను. నేనే పోయి ఆయన గేటు బయట నిలబడతాను.

వదిన రావడం, రాకపోవడం అన్న చేతిలో ఉంది. అన్న వినడం నీ చేతిలో ఉంది.

వస్తావా, రావా? రెండిట్లో ఒకటి కాగితం మీద రాసి, గురువారం మధ్యాహ్నం మూడు గంటలలోపు షాపుకొచ్చి నా చేతికియ్యి.

సంధ్య